యూరియా నేలను చంపుతుందా? ప్రశ్నలోనే తిరకాసు ఉంది

యూరియా వేస్తే నేలలోని సూక్ష్మజీవులు చచ్చిపోతాయని కొందరు గట్టిగా చెబుతారు. అదేం కాదు, పైరు ఏపుగా ఎదిగితే వాటికీ తిండి దొరుకుతుందని మరికొందరు. తమాషా ఏమిటంటే ఇద్దరి దగ్గరా అంకెలున్నాయి. రకరకాల భూముల్లో జరిగిన ప్రయోగాలను కలిపి 2008లో చేసిన విశ్లేషణలో, నత్రజని (యూరియా ఇచ్చే పోషకం ఇదే) చేర్చిన చోట సూక్ష్మజీవుల మొత్తం బరువు సగటున 15 శాతం తగ్గింది. ఏళ్ల తరబడి సాగులో ఉన్న పొలాలను మాత్రమే తీసుకున్న 2014 విశ్లేషణలో అదే 15 శాతం పెరిగింది!

ఇందులో ఎవరూ అబద్ధం చెప్పలేదు. ఎరువు వేసిన పొలంలో వేళ్లు, మోళ్లు ఎక్కువగా మిగులుతాయి. వాటిలోని కర్బనమే సూక్ష్మజీవులకు భోజనం. అయితే ఆ 2014 విశ్లేషణలోనే ఇంకో మాట ఉంది. నేల పీహెచ్ (ఇది తగ్గేకొద్దీ నేలలో ఆమ్లం ఎక్కువైనట్టు) 5 కంటే కిందికి పోయిన చోట లాభం కాస్తా నష్టమైంది. నా దృష్టిలో అసలు కథ ఇక్కడే ఉంది.

పీహెచ్ ఎందుకు పడిపోతుంది? యూరియా నేలలో అమ్మోనియాగా మారుతుంది. దాన్ని నైట్రేట్‌గా మార్చే బ్యాక్టీరియా, ఆర్కియా (బ్యాక్టీరియా లాంటి మరో రకం సూక్ష్మజీవులు) ఆ పనిలో హైడ్రోజన్ అయాన్లను వదులుతాయి. అంటే ఆమ్లం పుట్టించేదీ సూక్ష్మజీవులే, అందులో నలిగేదీ సూక్ష్మజీవులే. ఇంగ్లండ్‌లోని రోథమ్‌స్టెడ్‌లో 1856 నుంచి నడుస్తున్న గడ్డిభూమి ప్రయోగం చూడండి. సున్నం వేయకుండా ఏటా అమ్మోనియం సల్ఫేట్ అనే నత్రజని ఎరువును ఎక్కువ మోతాదులో వేసిన మళ్లలో పీహెచ్ 4 కంటే కిందికి దిగింది. అక్కడ ఎండిన గడ్డి కుళ్లక, నేలపై చాపలా పేరుకుంది.

ఇక ఎన్ని ఉన్నాయన్నది పక్కనపెట్టి, ఎవరున్నారో చూద్దాం. 2015లో వివిధ ఖండాల్లోని 25 గడ్డిభూములను పరిశీలిస్తే, పోషకాలు చేర్చిన చోట తిండి దొరికితే గబగబా పెరిగే బ్యాక్టీరియా వాటా పెరిగింది. కొద్దిపాటితో నెమ్మదిగా బతికేవి, వేళ్లతో పొత్తు పెట్టుకునే మైకోరైజా శిలీంధ్రాలు తగ్గాయి. ఎరువుతో చేతికి అందుతున్న పోషకాల కోసం మొక్క శిలీంధ్రానికి చక్కెర ఎందుకు ఖర్చు పెడుతుంది?

అందుకే నేల ఆరోగ్యాన్ని సూక్ష్మజీవుల సంఖ్యతో కొలవడం నాకు నచ్చదు. అమెరికాలోని మిషిగన్‌లో 22 ఏళ్లు నత్రజని వేసిన మళ్ల నుంచి, వేయని మళ్ల నుంచి రైజోబియా (పప్పుజాతి మొక్కల వేళ్ల బుడిపెల్లో ఉండి వాటికి గాలిలోని నత్రజనిని అందించే బ్యాక్టీరియా) తీసి, అదే జాతి పశుగ్రాసమైన క్లోవర్ మొక్కలకు ఎక్కించారు. ఎరువు మళ్ల రైజోబియా ఉన్న మొక్కలు తక్కువగా పెరిగాయి, ఆకుల్లో పచ్చదనమూ తగ్గింది. తరాలు మారేకొద్దీ ఆ బ్యాక్టీరియా మొక్కకు సాయం చేసే గుణాన్నే కొంత పోగొట్టుకుంది. లెక్కపెట్టేవాళ్లకు మాత్రం అవీ రైజోబియానే, ఇవీ రైజోబియానే.