దాత ముఖం స్పష్టంగా పడాలి

సేవ ఎలా చెయ్యాలో ఈ కాలం కుర్రాళ్ళకి బొత్తిగా తెలియకుండా పోతోందండి. మొన్నామధ్య మా సేవా సంఘంలో కొత్తగా చేరినవాడొకడు ఆసుపత్రికి ఒక్కడే వెళ్ళాడు. నా అన్నవాళ్ళు లేని ఓ ముసలాయన మంచం పక్కన రెండు రాత్రులు కూర్చుని, మందులు కొనిచ్చి, బట్టలు మార్చి, చప్పుడు చెయ్యకుండా వచ్చేశాడు. ఫొటో ఏదిరా అంటే "తియ్యలేదండి" అన్నాడు. అధ్యక్షులవారు కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. మరి దీన్ని రిజిస్టర్లో ఏమని రాయాలి? రుజువేది? చివరికి "సభ్యుని సొంత పని" అని రాసి సరిపెట్టాం.

కోనసీమలో ఇన్నేళ్ళుగా ఒక సంఘానికి సహాయ కోశాధికారిగా ఉన్నవాణ్ణి కాబట్టి, రాబోయే తరాలవాళ్ళు చెడిపోకుండా నాలుగు ముక్కలు రాసిపెట్టడం నా ధర్మం.

సేవకి మూలాధారం అరటిపండు. రావులపాలెం మార్కెట్టు కూతవేటు దూరంలో ఉండటం మనం చేసుకున్న పుణ్యం. రెండు గెలలు తెస్తే వార్డు వార్డంతా సేవ అయిపోతుంది. పండు ఒక్కరే ఇవ్వకూడదు. ముందు వరసలో ముగ్గురు పండుని పట్టుకోవాలి, వెనక నలుగురు ఆ ముగ్గురి మోచేతుల్ని పట్టుకోవాలి. పుణ్యం కరెంటులాంటిది, తీగ తెగకుండా ఉంటే చివరివాడి దాకా పాకుతుంది. రోగి పండు కొసని పట్టుకుని కెమెరా వైపు చూడాలి. దాత వైపు చూస్తే పక్క మొహం పడుతుంది.

ఓ నాయకుడి పుట్టినరోజున ఇలాగే వెళ్ళాం. మాకంటే ముందే మూడు బృందాలు వచ్చిపోయాయట. కాలికి కట్టుతో ఉన్న ఒకాయన దిండు పక్కన అప్పటికే పదకొండు పళ్ళున్నాయి. పైగా ఆయనకి సుగరు. "పండొద్దు బాబూ, ఆ ఫ్యాను మూణ్ణాళ్ళుగా తిరగట్లేదు, ఎవరికైనా చెప్పి పుణ్యం కట్టుకోండి" అన్నాడు. ఎలా కట్టుకుంటామండీ? తిరిగే ఫ్యానూ తిరగని ఫ్యానూ ఫొటోలో ఒకేలా ఉంటాయి. పన్నెండో పండు చేతిలో పెట్టి వచ్చేశాం.

ఈ విషయంలో మా ప్రాంతానికో పాత మచ్చ ఉంది. దాచను. 1841లో మండపేటలో పుట్టి, లంకల గన్నవరం కోడలుగా వచ్చిన డొక్కా సీతమ్మగారు. ఏ వేళ ఎవరొచ్చినా, ఏ కులమని అడక్కుండా, విస్తరేసి అన్నం పెట్టారు. 1909లో కన్నుమూసేదాకా అదే పని. ఒకసారి పల్లకీలో అంతర్వేది నరసింహస్వామి దర్శనానికి బయల్దేరారట. దారిలో ఎవరో పిల్లలు ఆకలని ఏడుస్తుంటే, పెద్దవాళ్ళు "ఇంకాసేపట్లో గన్నవరం చేరతాం, సీతమ్మగారు అన్నం పెడతారు" అని సముదాయించడం విని, దేవుడి దగ్గరికి వెళ్ళకుండానే వెనక్కి తిరిగి ఇంటికొచ్చి పొయ్యి వెలిగించారని చెప్పుకుంటారు. కార్యక్రమాన్ని మధ్యలో రద్దు చెయ్యడం! మా సంఘంలోనైతే సంజాయిషీ అడుగుదుం.

అంతకన్నా ఘోరం, ఇంగ్లండులో ఏడో ఎడ్వర్డు పట్టాభిషేకానికి పిలుపొస్తే రానన్నారట. పోనీ ఫొటో అయినా ఇవ్వండమ్మా అని దొరతనంవాళ్ళు వస్తే దానికీ ఇష్టపడలేదనీ, బతిమాలి ఒప్పించాల్సొచ్చిందనీ అంటారు. జీవితమంతా అన్నదానం, ఫొటో చూస్తే ఒక్కటి. మా లెక్క వేరు. ఒక్క పండు, పద్నాలుగు ఫొటోలు. అయినా వైనతేయ నది మీద కాలవని దాటించే గన్నవరం అక్విడెక్టుకి ఆవిడ పేరే పెట్టారు. బళ్ళో పిల్లల మధ్యాహ్న భోజనానికీ ఆవిడ పేరే. ప్రచార కార్యదర్శి అనేవాడే లేకుండా ఇదంతా ఎలా జరిగిందో మా కమిటీకి ఇప్పటికీ అంతుబట్టలేదు. కాటన్ దొర సంగతీ అంతే. ధవళేశ్వరం ఆనకట్ట 1852కల్లా పూర్తిచేసి తన దారిన తాను పోయాడు, విగ్రహాలు మాత్రం మన రైతులు పెట్టుకున్నారు. దాత తన విగ్రహం ఖర్చు తానే భరించాలన్న కనీస మర్యాద ఆయనకీ తెలియలేదు.

రక్తదానం గురించి రెండే ముక్కలు. తీసేది 350 మిల్లీలీటర్లు. పడుకున్నవాడు లేచాక, ఇవ్వనివాళ్ళు కూడా వంతులవారీగా ఆ మంచం మీద పడుకోవచ్చు.

ఇక అసలు పరీక్ష వరద. 2022 జూలైలో ధవళేశ్వరం దగ్గర మూడో ప్రమాద హెచ్చరిక దాటి, పాతిక లక్షల క్యూసెక్కుల పైచిలుకు నీరు కిందికొచ్చింది. లంకలన్నీ మునిగాయి. మేం రెండు వందల పులిహోర పొట్లాలు కట్టించి రేవుకి వెళ్ళాం. నాటుపడవకి ఫ్లెక్సీ కట్టడానికే అరగంట పట్టింది, గాలి అలా ఉంది మరి. తొమ్మండుగురం ఎక్కేసరికి పడవ ఒరిగింది. ఏదో ఒకటి దించక తప్పదన్నాడు పడవాయన. సభ్యుల్ని దించలేం కదా, నూరు పొట్లాలు దించాం.

లంకలో ఓ మామ్మగారు అరుగు మీద మడమల్లోతు నీళ్ళలో నిలబడి ఉంది. పొట్లం అందించి, కాస్త ఇటు తిరగమన్నాం. "పులిహోర పొద్దుణ్ణించీ మూడుసార్లిచ్చారు నాయనా. తాగడానికి మంచినీళ్ళేవన్నా తెచ్చారా? గేదెకింత గడ్డి?" అంది. చుట్టూ అంత నీరు పెట్టుకుని నీళ్ళే అడుగుతుందని ఎవరనుకుంటాం? "మళ్ళీ వచ్చినప్పుడు తెస్తాం మామ్మగారూ, ఇటు చూడండి" అన్నాం. మొహం తుడుచుకోబోతే మా ఫొటోగ్రాఫరు వద్దన్నాడు, తడిగా ఉంటేనే బావుంటుందిట.

ఫొటోలన్నీ బాగానే వచ్చాయిగానీ, గెడ పట్టుకున్న పడవాయన మోచెయ్యి "సేవా" అన్న మాటలో "సే"కి అడ్డొచ్చి, "వా సంఘం" అని పడింది. మనిషిని కత్తిరించేశాం. ఆయన తెల్లారుజాము నుంచీ బాలింతల్నీ, దూడల్నీ, గ్యాసు బండల్నీ దాటిస్తున్నాట్ట, డబ్బులు పుచ్చుకోకుండా. గట్టుకి చేరగానే "బేగి దిగండి బాబూ, అవతల ఇంకా నలుగురున్నారు" అని తొందర పెట్టాడు. దిగుతున్నట్టు ఒక్క ఫొటో తీసుకోనివ్వవయ్యా అంటే వినిపించుకోకుండా పడవ తిప్పేశాడు. ఫ్లెక్సీ దాంతోపాటే పోయింది.

ఏమైందో అని రెండ్రోజులు నిద్ర లేదు. మూడో రోజు కబురొచ్చింది. వాన జోరుగా ఉందని పడవాయన ఆ ఫ్లెక్సీని మామ్మగారి గేదె మీద పందిరిలా కట్టేశాట్ట. పోనీ, ఉపయోగపడింది కదా అన్నాడు ఆ కొత్త కుర్రాడు. అధ్యక్షులవారు వాడి వంక చూడలేదు. ఒక్కటే అడిగారు:

"మన మొహాలు పైకున్నాయా, లోపలికా?"

లోపలికేనంట. గేదె వైపు.

తిప్పి కట్టించడానికి ఆ ఆదివారం మళ్ళీ పడవ మాట్లాడుకుని వెళ్ళాం.