మహారాజశ్రీ యాంగిల్ గ్రైండర్ గారి సముఖమునకు

అయ్యా,

బెంగళూరు మల్లేశ్వరం నుంచి ఒక సామాన్య గృహస్థుడు రాసుకునే విన్నపం. ఉభయకుశలోపరి అని మొదలుపెట్టే వీలు లేదు. మీరు కుశలమే. పక్క వీధిలో ఎవరి గ్రానైటు మీదో మీ గొంతు పొద్దున్నుంచీ మోగుతూనే ఉంది. కుశలం లేనిది మా ఇంటి వెనక గోడ వెంట దిగే నాలుగంగుళాల పోత ఇనుప డ్రైనేజీ పైపుకు. ఛాతీ ఎత్తులో నిలువునా చీలింది. ఆ ముక్క కోసి తీసేసి, అక్కడ పీవీసీ ముక్క పెట్టి, అటూ ఇటూ రబ్బరు కప్లింగులు బిగించాలి. అంతే పని.

దేనితో కోయాలని ఎవరిని అడిగినా, గిర్రున తిరిగే చక్రంతో రాయినీ ఇనుమునీ కోసే మీ నామస్మరణే. మదనపల్లె నుంచి వచ్చి ఇక్కడే స్థిరపడిన మా ప్లంబరు "గ్రైండర్ ఉంది కదా సార్" అన్నాడు, ఇక మాట్లాడేదేముంది అన్నట్టు. వైట్‌ఫీల్డులో కంప్యూటర్ ఉద్యోగం చేసే మా బావమరిది పండుగ తగ్గింపుల్లో మిమ్మల్ని కొని, అట్టపెట్టె కూడా విప్పకుండా అటక మీద ప్రతిష్ఠించాడు. "ఇన్నాళ్లకు దానికి పని దొరికింది బావా" అని ఫోనులోనే సంబరపడ్డాడు. తలుపు బిగుసుకున్నా మీరే, తాళంచెవి పోయినా మీరే, పెరట్లో రాయి అడ్డొచ్చినా మీరే. ఏం కోయాలో చెప్పక ముందే మీరు ప్లగ్గులో ఉంటారు.

మీ ఘనత కాదనను. 1954లో జర్మనీలో పుట్టారు. 1953లో ఇదే ఊళ్లో మొదలైన, మా బాబాయి లేతు మీద పనిచేసి రిటైరైన యంత్రాల కర్మాగారం హెచ్‌ఎంటీ కన్నా ఒక్క ఏడాది చిన్నవారు. నిమిషానికి దాదాపు 11,000 చుట్లు తిరుగుతారు. ఆ లెక్కన మీ నాలుగంగుళాల చక్రం అంచు గంటకు 200 కిలోమీటర్లు దాటిన వేగంతో పరుగెడుతుంది. సిల్క్ బోర్డు కూడలిలో ఇరుక్కున్న జనానికి ఈ సంగతి తెలిస్తే దిగి వచ్చి మీకు సాష్టాంగపడతారు.

నా సందేహం వేగం గురించి కాదు. మీరు నాలుగంగుళాలవారు, పైపూ నాలుగంగుళాలదే, ఈడూ జోడూ కుదిరిందని మా ప్లంబరు మురిసిపోయాడు. కానీ చక్రం నడుమ బిగింపు నట్టూ, దాని వెనక మీ తలకాయా పోగా కోతకు మిగిలేది మహా అయితే 30 మిల్లీమీటర్లు. అంటే మీరు పైపు చుట్టూ ప్రదక్షిణ చేయాలి. పైగా నల్లటి మామూలు డిస్కు కోసినకొద్దీ అరిగిపోతుంది. ముందు సగం పూర్తయ్యేసరికి మీరు నాలుగంగుళాలవారు కారు, మూడంగుళాలవారు. వజ్రపు పొడి అద్దిన డిస్కు ఇలా కుంచించుకుపోదు, నిజమే. కానీ ఏ డిస్కు వేసినా ప్రదక్షిణలో వెనక సగం మిగిలే ఉంటుంది. అక్కడ పైపుకూ గోడకూ మధ్య ఉన్నది నా రెండు వేళ్లు పట్టే సందు. మీ బుర్ర అందులో పట్టదు.

దీనికి మీ భక్తుల దగ్గర రెండు ఉపాయాలున్నాయి. మొదటిది, మీ రేకు తొడుగు ఊడదీయడం. ఈ ఊళ్లో కట్టే ఇళ్ల దగ్గర మీ తొడుగు ఎక్కడుందని అడిగి చూడండి, ఇసుక కుప్పలో వెతకమంటారు. తొడుగు లేకుండా సందులోకి వంకరగా తోస్తే చక్రం పట్టేస్తుంది. పట్టేసిన చక్రం ఊరుకోదు, ఎగిరి మనిషి వైపు వస్తుంది, లేదా పగిలి ముక్కలుగా వస్తుంది. పోత ఇనుప పైపు గోడ మందం అయిదు మిల్లీమీటర్లనుకున్నా మీటరుకు 12 కిలోలు తూగుతుంది. చీలికకు పైన, డాబా దాకా నిలబడ్డ బరువంతా కోత తెరుచుకోగానే మీ చక్రం మీద కూర్చుంటుంది. ముందుగా పైభాగాన్ని గోడకు గట్టి క్లాంపులతో పట్టి ఉంచాలని మిమ్మల్ని సిఫారసు చేసిన వారిలో ఒక్కరూ అనలేదు.

రెండో ఉపాయం, ముందు వైపు కిటికీలా కోసి, అందులోంచి మిమ్మల్ని లోపలికి పంపి వెనక గోడను లోపలినుంచే కోయించడం. పని జరుగుతుంది, అబద్ధం కాదు. కానీ ఆ పైపు లోపలి గోడకు పేరుకుని ఉన్నదాన్ని గంటకు 200 కిలోమీటర్ల వేగంతో మొహాన చల్లించుకోవడానికి నా వంశంలో ఎవరూ సిద్ధంగా లేరు. మురుగు పైపులో మీథేను వాయువు చేరే వీలుంటుంది. మీరేమో నిప్పురవ్వలు కురిపించనిదే పని మొదలుపెట్టరు.

బాబాయి వచ్చారు. పరికరం ఊసే ఎత్తలేదు. చిన్న సుత్తి అడిగి పైపును కిందినుంచి పైదాకా తడుతూ పోయారు. పైన ఖంగుమంది. చీలిక దగ్గరా, దాని కిందా మొద్దుగా పలికింది. అప్పుడు చెప్పారు: ఈ లోహంలో కార్బను గ్రాఫైటు పెచ్చులుగా పరుచుకుని ఉంటుందట. లేతు బెడ్డు, అంటే ఆ యంత్రం అడుగు దిమ్మె, దీంతోనే పోస్తారు, అదురును మింగేస్తుంది కాబట్టి. నొక్కితే ఎంతైనా ఓర్చుకుంటుంది, లాగితే ఓర్చుకోదు. వంగడం తెలియదు, విరగడమే తెలుసు. చైన్ కట్టర్ బతుకంతా ఈ గుణం మీదే. గొలుసుకు వరసగా చిన్న చక్రాలుంటాయి. దాన్ని పైపు చుట్టూ వేసి బిగిస్తూ పోతే గీటు పడి, కొబ్బరికాయ రెండు చిప్పలైనట్టు టప్పుమని విడిపోతుంది. రవ్వ లేదు, దుమ్ము లేదు, రెండు వేళ్ల సందు దానికి చాలు.

అయితే దానికీ గర్వపడే వీలు లేదు. మురుగులోంచి వచ్చే హైడ్రోజన్ సల్ఫైడు తేమ గోడల మీద సల్ఫ్యూరిక్ ఆమ్లమవుతుంది. ఏళ్ల తరబడి ఇనుము కరిగిపోయి గ్రాఫైటు మిగులుతుంది. చూడ్డానికి పైపు పైపులాగే ఉంటుంది, సత్తువ ఉండదు. అలాంటి చోట గొలుసు బిగిస్తే పైపు తెగదు, నలుగుతుంది. చీలిక పైకి పాకిందంటే కోయాల్సింది ముక్క కాదు, మొత్తం పైపు. అందుకే ఖంగుమన్న చోటే గొలుసు. మొద్దుగా పలికిన చోటికి ముందుకూ వెనక్కూ ఆడే సేబర్ రంపం, దానికి పళ్లకు బదులు కార్బైడు గరుకు అద్దిన తొమ్మిదంగుళాల బ్లేడు. నిదానంగా నడిపితే సందులోంచి పైపు వెనక్కి వెళ్లి వస్తుంది. ఇది తేలింది సుత్తి దెబ్బతో, దుకాణంలో కాదు. ఎస్పీ రోడ్డు దుకాణదారు అయిదు పరికరాలు బల్ల మీద పరిచి ఏది కావాలన్నాడే గానీ, పైపు ఎలా పలికిందని అడగలేదు.

ఇనుము కోసే చేతిరంపం హ్యాక్సాను తక్కువ చేయను. పైపొర గట్టిగా ఉంటుంది కానీ అది దాటాక గ్రాఫైటే కందెన. అయితే దాని చట్రమూ ఆ సందులో పట్టదు. ఉలి, సుత్తి నేల మీద పడుకోబెట్టిన పైపుకు మంచివి. నిలబడ్డ పైపును కొడితే పైన సీసం పోసిన జాయింట్లన్నీ కదులుతాయి.

పైపు కోతకు మిమ్మల్ని పిలవడం లేదని నొచ్చుకోకండి. గోడకు పైపును పట్టి ఉంచిన ఇనుప పట్టీల బోల్టులు తుప్పు పట్టి తిరగడం లేదు. క్లాంపులు బిగించాక, పైపు తెరవక ముందు వాటి తలలు తీసే పని మీదే. తొడుగు వేసుకుని రావాలి. నడిపేవారికి కళ్లద్దాలు, ముఖానికి కవచం తప్పనిసరి. పై వాటా వారు ఆ పూట నీళ్లు వదలబోమని మాట ఇచ్చారు.

ఇట్లు
తమ శబ్ద పరిధిలో నివసించే ఒక గృహస్థుడు

తా.క.: బావమరిది అట్టపెట్టె విప్పాడు. మీతో వచ్చిన డిస్కు నడుమ ఇనుప వలయం మీద అచ్చువేసిన గడువు నిరుడే దాటింది. జిగురుతో అతికిన చక్రాలకు కూడా అలాంటి తేదీ ఒకటుంటుందని అతనికి తెలియదు, మందు మాత్రలకేనని అనుకున్నాడట. కొత్త డిస్కు తెచ్చే బాధ్యత అతనికే అప్పగించాం. అంతవరకూ మీరు పెట్టెలోనే ఉండండి.