ఫోన్ నేల మీద పెడితే పొలం వాలు తెలిసిపోతుందా?

తొలకరి ముందు రైతుల గ్రూపుల్లో తిరిగే మెసేజ్ ఒకటి ఈసారి వీడియోతో సహా వచ్చింది. నాకే ఆరుగురు పంపారు. దాని సారం ఇది: "వాలు కొలవడానికి సర్వేయరూ వద్దు, లెవెల్ పైపూ వద్దు. ఫోన్‌లో లెవెల్ యాప్ తెరిచి నేల మీద పెట్టండి. ఎన్ని డిగ్రీలు చూపిస్తే అంత శాతం వాలు. అనుమానం ఉంటే గూగుల్ ఎర్త్‌లో ఎత్తులు చూసుకోండి. నేల గరుకు సంగతి కంటికే తెలుస్తుంది." వాటర్‌షెడ్ పనుల్లో గట్లకు ముగ్గు గీయించినవాణ్ణి కాబట్టి ఊరుకోలేకపోయాను.

డిగ్రీలే శాతాలన్న మాట ముందుగా. శాతమంటే వంద మీటర్ల దూరానికి నేల ఎన్ని మీటర్లు దిగిందన్న లెక్క. 1 డిగ్రీ 1.75 శాతం అవుతుంది, 45 డిగ్రీలు నూరు శాతం. ఇది మాటల పట్టింపు కాదు. నీటిని ఆపడానికి వాలుకు అడ్డంగా వేసే గట్ల మధ్య ఎత్తు తేడాకు మామూలుగా వాడే సూత్రాల్లో ఒకటి: వాలు శాతాన్ని మూడుతో భాగించి, రెండు కలిపి, 0.3తో హెచ్చవేయాలి. 3 శాతం వాలుకు 0.9 మీటర్లు వస్తుంది, అంటే గట్టుకీ గట్టుకీ 30 మీటర్ల దూరం. ఫోన్ చూపించింది 3 డిగ్రీలైతే అసలు వాలు 5.2 శాతం. అక్కడ 21 మీటర్లకే గట్టు పడాలి. శాతమనుకుని 30కి వేస్తే మిగతా 9 మీటర్ల నీళ్లూ కింది గట్టు మీదే పడతాయి. పెద్ద వాన ఒక్కటొస్తే గట్టు తెగుతుంది.

ఇక నేల మీద ఫోన్ పెట్టడం. అసలు చిక్కు ఇక్కడే ఉంది. ఫోన్ పొడవు సుమారు 15 సెంటీమీటర్లు. ఒక చివర కింద 2 సెంటీమీటర్ల మట్టిపెళ్ల ఉంటే అది 7.6 డిగ్రీలు చూపిస్తుంది, అంటే 13 శాతం. ఫోన్ అబద్ధం చెప్పలేదు, ఆ పెళ్ల వాలు చెప్పింది. జానెడు పక్కకు జరిపితే అంకె మారుతుంది, ఒక్కోసారి వాలే ఎదురు తిరుగుతుంది. వెనక కెమెరా ఉబ్బు 2 మిల్లీమీటర్లున్నా శాతం పైనే తేడా వస్తుంది. నల్లరేగడిలో వెడల్పాటి మడులూ కాలువలూ వేసే పద్ధతికి పటాన్‌చెరులోని మెట్ట పంటల పరిశోధన సంస్థ ఇక్రిశాట్ వాళ్లు చెప్పిన వాలు 0.4 నుంచి 0.8 శాతం. డిగ్రీల్లో అది అర డిగ్రీ కూడా కాదు. పూర్తి డిగ్రీలే చూపించే యాప్‌లో అదంతా సున్నా!

ఫోనే వాడాలనుకుంటే వంకరలేని రెండు మూడు మీటర్ల చెక్క మీద పెట్టి చదవండి. చెక్కనూ ఫోన్‌నూ కలిపి అటు చివర ఇటు తిప్పి మళ్లీ చదివి, సగటు తీయండి. అయినా నేను తాపీమేస్త్రీల లెవెల్ పైపుకే ఓటేస్తాను. పైపులో బుడగల్లేకుండా నీళ్లు నింపి, కొలతలు గీసిన రెండు కర్రలకు రెండు చివరలూ కట్టాలి. కర్రలను ఒకచోట నిలబెట్టి రెండింటా నీళ్లు ఒకే గీత మీద ఉన్నాయో లేదో ముందు చూసుకోవాలి. తర్వాత వాలు వెంట 10 మీటర్ల ఎడంలో పెట్టి చదివితే, తేడా 23 సెంటీమీటర్లుంటే వాలు 2.3 శాతం. పెళ్ల మీదో గుంటలోనో కర్ర దిగకుండా కింద చిన్న పలక వేయండి.

గూగుల్ ఎర్త్ గురించి ఎక్కువ చెప్పక్కర్లేదు. ఉచితంగా దొరికే ఎత్తుల లెక్కల్లో బాగా వాడుకలో ఉన్నది 2000 ఫిబ్రవరిలో ఎండీవర్ స్పేస్ షటిల్ నుంచి రాడార్‌తో తీసింది. అందులో ఒక్కో గడి సుమారు 30 మీటర్లు, ఎకరాకు నాలుగైదు గడులు. 2 శాతం వాలున్న చదరపు ఎకరంలో పై అంచు నుంచి కింది అంచుకు ఎత్తు తేడా 1.3 మీటర్లే. ఆ లెక్కల్లో తప్పే కొన్ని మీటర్లు ఉండొచ్చు. కొండ నుంచి చెరువు దాకా నీళ్లెటు పోతాయో చూడటానికి పనికొస్తుంది, మీ పొలం వాలుకు కాదు.

చివరిది గరుకు. కంటికి తెలిసేది ఉందీ లేదన్నంత వరకే. సన్న లింకుల గొలుసు ఒక మీటరుది తీసుకుని, ఎత్తుపల్లాలను అంటుకునేలా నేల మీద పరవండి. చివరి నుంచి చివరికి తిన్నగా 88 సెంటీమీటర్లే వస్తే గరుకు 12 శాతం. 3 శాతం వాలు వల్ల ఇందులో తేడా 0.05 శాతం కూడా రాదు, కాబట్టి భయం లేదు. చాళ్ల వెంట ఒకసారి, చాళ్లకు అడ్డంగా ఒకసారి కొలవాలి. అడ్డంగా కొలిచినప్పుడు చాళ్ల ఎత్తూ పెళ్లల ఎత్తూ కలిసి వస్తాయి, వెంట కొలిస్తే పెళ్లలదే దాదాపుగా వస్తుంది. చాలు ఎటు ఉందో దాన్ని బట్టి అది చేసే పని మారుతుంది. వాలుకు అడ్డంగా దున్నిన చాలు నీటిని ఆపుతుంది, వాలు వెంట దున్నితే అదే చాలు కాలువవుతుంది. రెండు పొలాలూ కంటికి ఒకేలా గరుగ్గా కనిపిస్తాయి.

గొలుసుకూ లోపముంది. ఒక పెద్ద దిబ్బా, పది చిన్న పెళ్లలూ ఒకే అంకె ఇవ్వొచ్చు. అందుకే పరిశోధకులు వరసగా పుల్లలు దించి ఒక్కొక్కదాని ఎత్తు రాసుకుంటారు, అందులోంచి వాలును తీసేసి మిగిలిన హెచ్చుతగ్గులనే గరుకంటారు. మనకు గొలుసు చాలు. అయితే కొలిచిన తేదీ, దున్నాక ఎన్ని వానలు పడ్డాయో పక్కనే రాసుకోండి. రెండు గట్టి వానలకు పెళ్లలు కరిగి, దుక్కినాడు కొలిచిన 12 శాతం అక్కడ ఉండదు.