గంజి పోయలేదు, గారెలు వండుతున్నారు

నాలుగు రోజులుగా ఫోన్ తెరిస్తే పాత మ్యాచ్‌ల ఫొటోలే. బెంగళూరు అశోక్‌నగర్ ఫుట్‌బాల్ స్టేడియంలో సిమెంటు మెట్ల మీద కిక్కిరిసిన జనం, నాన్న భుజాలెక్కి కూర్చున్న పిల్లవాడు, ఎవరి చేతిలోనో వేరుశనక్కాయల పొట్లం. కింద వరసగా ‘ఆ రోజులే వేరు’ అంటూ నిట్టూర్పులు. ఇవి పెట్టేవాళ్ళలో మామూలు అభిమానులున్నారు. వాళ్ళతో మాకు పెద్ద పేచీ లేదు, ఉన్న కాస్త పేచీ తర్వాత చెబుతాం. కానీ మార్కెటింగ్ విభాగాలు, ఆటను నడపాల్సిన పెద్దలు, మైకు దొరికితే వదలని నాయకులు కూడా ఇదే పాట ఎత్తుకున్నారు. మాకు ఒళ్ళు మండింది అక్కడే. బతికున్నన్నాళ్ళూ గంజి పోయనివాడు తద్దినానికి గారెలు వండించాడట. మన ఫుట్‌బాల్ పెద్దలు పాత రోజుల మీద ఒలకబోస్తున్న ప్రేమ అచ్చం అలాగే ఉంది.

గత ఏడాది ఏం జరిగిందో పాఠకులకు తెలుసు. అఖిల భారత ఫుట్‌బాల్ సమాఖ్య 2010లో రూ.700 కోట్లకు, 15 ఏళ్ళకు కుదుర్చుకున్న వాణిజ్య హక్కుల ఒప్పందం 2025 డిసెంబరు 8తో ముగిసింది. తర్వాత ఏం చేయాలో తేలక జులైలోనే దేశంలోని అగ్ర లీగ్ ఐఎస్ఎల్‌ను (ఇండియన్ సూపర్ లీగ్) పక్కన పెట్టేశారు. ఆగస్టులో బెంగళూరు ఎఫ్‌సీ ఆటగాళ్ళకు, సిబ్బందికి జీతాలు నిలిపివేస్తున్నట్టు ప్రకటించింది. చివరికి లీగ్ 2026 ఫిబ్రవరి 14న మొదలైంది, అదీ జట్టుకు 13 మ్యాచ్‌లతో. అంతకు ముందు సీజన్‌లో ఒక్కో జట్టు 24 ఆడింది. కోర్టులో కేసు నడుస్తుండటంతో కొత్త ఒప్పందం కుదుర్చుకోవడానికి వీల్లేకపోయిందన్నది సమాఖ్య మాట. కావచ్చు. ఒప్పందం ఏ ఏడాది ముగుస్తుందో సంతకం పెట్టిన రోజే తెలుసు కదా? పదిహేనేళ్ళు చాలలేదా?

ఒక సీజన్ మొత్తాన్ని ఇలా గాల్లో వేలాడదీసినవాళ్ళు ‘మ్యాచ్ రోజు మ్యాజిక్’ గురించి మనకు చెబుతున్నారు.

ఆ మ్యాజిక్ ఏమిటో ఫొటోల్లో దొరకదు. దేశంలోని క్లబ్బులు తలపడే ఫెడరేషన్ కప్ మొట్టమొదటిసారి జరిగిన 1977లో దాన్ని గెలుచుకున్నది కలకత్తా పెద్ద జట్లు కావు. మన దూరవాణీనగర్ టెలిఫోన్ ఫ్యాక్టరీ జట్టు, ఐటీఐ. ఫైనల్లో మోహన్ బగాన్‌ను 1-0తో ఓడించింది. టెలిఫోన్లు తయారుచేసే ఫ్యాక్టరీ! చిత్తూరు, అనంతపురం, కడప జిల్లాల నుంచి వచ్చి ఐటీఐలోనో, హెచ్ఏఎల్‌లోనో, బీఈఎల్‌లోనో చేరి ఇక్కడే స్థిరపడిన తెలుగు కుటుంబాలు ఈ నగరంలో కొల్లలు. మా డెస్క్‌లో ఒకరి తండ్రి అలా మదనపల్లె నుంచి వచ్చినాయనే. మ్యాచ్ ఉన్న రోజు షిఫ్టు దిగి ఇంటికి పోయేవారు కాదట. ఖాళీ టిఫిన్ క్యారియర్ గలగలలాడుతుంటే నేరుగా బస్సెక్కి గ్రౌండ్‌కే. గోల్ పడితే క్యారియర్ మూతే తప్పెట. పక్కన తమిళం, వెనక కన్నడ, ముందు వరసలో దక్కనీ ఉర్దూ. తిట్లు మాత్రం ఎవరు ఏ భాషలో తిట్టినా అందరికీ అర్థమయ్యేవి. బంతి వింగ్‌లో ఒక కుర్రాడి కాలికి అందగానే ఆయన లేచి నిలబడి “వాడు మా సెక్షనోడు!” అని అరిచేవారు. నిజంగానే వాడు ఆయన సెక్షనోడే. మర్నాడు క్యాంటీన్‌లో ఇడ్లీ ప్లేటుతో ఎదురుపడితే “ఏందప్పా ఆ పాసు, కండ్లు మూసుకుని కొట్టినావా?” అని నిలదీసేవారట. కుర్రాడు సాంబారు పోయించుకుని నవ్వుతూ వెళ్ళిపోయేవాడు.

ఇప్పుడు అందరూ తలుచుకుని కళ్ళు తుడుచుకుంటున్నది ఆ చనువును. అది ఎక్కడికి పోయింది? ఎవరూ రాత్రికి రాత్రి ఎత్తుకుపోలేదు. కంపెనీలు ఆటగాళ్ళకు ఉద్యోగాలివ్వడం తగ్గించాయి, జట్లు ఒక్కొక్కటే చిక్కిపోయాయి, స్థానిక లీగ్ మ్యాచ్‌లు మధ్యాహ్నపుటెండలో వందమంది ముందు జరిగే తంతుగా మిగిలాయి. అప్పుడు అడ్డం పడి ఆపినవాళ్ళెవరూ లేరు. ఈ రోజు గారెలు వడ్డిస్తున్నవాళ్ళలో అప్పట్లో కుర్చీల్లో ఉన్నవాళ్ళూ ఉన్నారు. గంజి గిన్నె వాళ్ళ చేతిలోనే ఉండేది.

పోనీ ఇదంతా తాతల కాలం ముచ్చట అనుకుందాం. 2013లో పుట్టిన బెంగళూరు ఎఫ్‌సీ తొలి సీజన్‌లోనే అశోక్‌నగర్ మైదానంలో ఆడుతూ అప్పటి దేశ అగ్ర లీగ్ ఐ-లీగ్ గెలిచింది. వెస్ట్ బ్లాక్ బ్లూస్ అని పిలుచుకునే అభిమానుల దండుకు ఆ పేరు వచ్చింది ఆ స్టేడియం పడమటి స్టాండ్ నుంచే. జట్టు కంఠీరవ స్టేడియానికి మారితే పేరునూ పాటలనూ వెంటబెట్టుకుని వాళ్ళూ మారారు. అక్కడ గ్యాలరీకీ గ్రౌండ్‌కీ మధ్య రన్నింగ్ ట్రాక్ అడ్డం, అశోక్‌నగర్ దగ్గరితనం లేదు. అయినా 2016 అక్టోబరు 19 రాత్రి మలేసియా జట్టు జొహోర్‌ను 3-1తో ఓడించి, ఆసియా క్లబ్బుల టోర్నీ ఏఎఫ్‌సీ కప్ ఫైనల్‌కు చేరిన మొదటి భారత క్లబ్ అయినప్పుడు కంఠీరవ దద్దరిల్లింది. సునీల్ ఛెత్రి రెండు గోల్స్ కొట్టాడు. పట్టుమని పదేళ్ళ కిందటి మాట. అది కూడా అప్పుడే ‘ఆ రోజులు’ కింద జమ అయిపోయిందంటే సిగ్గుపడాల్సింది కాలం కాదు.

రాష్ట్రాల జట్లు ఆడే సంతోష్ ట్రోఫీ సంగతి మరీ ఘోరం. 1968-69లో మైసూరు పేరుతో గెలిచాక ఈ రాష్ట్రం ఆ కప్పు మొహం చూడలేదు. యాభై నాలుగేళ్ళు. చివరికి 2023 మార్చి 4న మేఘాలయను 3-2తో ఓడించి కర్ణాటక కప్పు ఎత్తింది. ఎక్కడ? రియాద్‌లో! రాష్ట్రాల పేర్లతో, జిల్లా గ్రౌండ్లలో, రైలెక్కి వచ్చే జనంతో బతికిన టోర్నీ ఫైనల్‌ను సౌదీ అరేబియాకు మోసుకుపోయారు. ఆస్టిన్ టౌన్‌లో, గౌతమపురలో ఆ కప్పు కోసం కళ్ళు కాయలు కాచిన ముసలాళ్ళు దాన్ని ఫోన్ తెరలో చూసుకున్నారు. గౌతమపురలో పెలేకు విగ్రహం ఉంది. అంత పిచ్చి ఉన్న పేట అది. వాళ్ళ ఊరి గెలుపును వాళ్ళ ఊరికి దక్కనివ్వకుండా చేసి, ఇప్పుడు ‘మన ఫుట్‌బాల్ వారసత్వం’ అంటూ నలుపు-తెలుపు ఫొటోలు!

ఒక మాట ఒప్పుకుంటాం. పాత రోజులన్నీ పాలూ తేనే కాదు. 1980 ఆగస్టు 16న కలకత్తా ఈడెన్ గార్డెన్స్‌లో ఈస్ట్ బెంగాల్-మోహన్ బగాన్ మ్యాచ్‌కు వెళ్ళిన 16 మంది ఇంటికి తిరిగి రాలేదు. 1989 ఏప్రిల్ 15న ఇంగ్లండ్‌లోని హిల్స్‌బరోలో జరిగిన తొక్కిసలాట 97 మందిని బలిగొంది. మన ఫొటోల్లోని ఆ కిక్కిరిసిన మెట్ల మీద ఆడవాళ్ళు ఎంతమంది కనిపిస్తున్నారో లెక్కపెట్టి చూడండి. కాబట్టి పాత గోడలు, పాత తోపులాట తిరిగి తెమ్మని మేం అడగడం లేదు. కానీ హిల్స్‌బరో తర్వాత అక్కడ ఏం జరిగిందో చూడండి. ఆ ఘటనపై విచారణ జరిపి, నిలబడే చోట సీట్లు వేయమని చెప్పిన టేలర్ నివేదికే, సీట్లు వేసినంత మాత్రాన పేదవాడికి అందని ధర పెట్టక్కర్లేదనీ చెప్పింది. మొదటి మాట అమలైంది, రెండోదాన్ని గాలికొదిలేశారు. భద్రత పేరు చెప్పి జనాన్ని బయటికి నెట్టడం, బయట నిలబడినవాడికి జ్ఞాపకాలు అమ్మడం అక్కడివాళ్ళకూ తెలిసిన విద్యే. ఇక మన దగ్గర భద్రతైనా దక్కిందా? 2025 జూన్ 4న చిన్నస్వామి గేట్ల దగ్గర 11 మంది ప్రాణాలు పోయాయి. అది క్రికెట్ కావచ్చు. జనాన్ని లెక్కలో మనుషులుగా చూడని తీరుకు ఆటల తేడా లేదు.

అభిమానులతో పేచీ ఉందన్నాం కదా, ఇదే అది. 2025 మే 18న ఇంగ్లండ్ క్లబ్ ఎవర్టన్ పురుషుల జట్టు గుడిసన్ పార్క్‌లో చివరి మ్యాచ్ ఆడితే, 1892 నాటి ఆ స్టేడియం కోసం ఇందిరానగర్ పబ్బుల్లో గ్లాసులెత్తినవాళ్ళున్నారు. మంచిదే, మనసున్నవాళ్ళే. వాళ్ళలో ఎందరికి గరుడ మాల్ పక్కనే ఒక ఫుట్‌బాల్ స్టేడియం ఉందని తెలుసు? లివర్‌పూల్ జెర్సీ వేసుకుని తెల్లవారుజాము దాకా మేలుకునే మన మారతహళ్ళి కుర్రాళ్ళు కంఠీరవకు చివరిసారి ఎప్పుడు వెళ్ళారు? అమ్మకు అన్నం పెట్టనివాడు పిన్నమ్మకు చీర కొన్నట్టుంది యవ్వారం.

హైదరాబాద్‌ను చూసి నవ్వుకోనక్కర్లేదు గానీ చూడక తప్పదు. పేరుమోసిన కోచ్ రహీం సాబ్ ఊరు, 1950 నుంచి వరసగా అయిదేళ్ళు బొంబాయి రోవర్స్ కప్ గెలిచిన సిటీ పోలీస్ జట్టు ఊరు. అక్కడి హైదరాబాద్ ఎఫ్‌సీ 2022లో ఐఎస్ఎల్ ఛాంపియన్. నాలుగేళ్ళు తిరక్కుండానే, 2025లో, ఆ క్లబ్ పేరు మార్చుకుని ఢిల్లీకి తరలిపోయింది. ఎంతమంది ఏడ్చారు? అదే ఏడాది డిసెంబరు 13న మెస్సీ ఉప్పల్‌కు వస్తే సాక్షాత్తూ ముఖ్యమంత్రే బూట్లు కట్టుకుని బంతి తన్నారు. ఆ రోజే పొద్దున కోల్‌కతాలో, వేలు పోసి టికెట్లు కొన్న జనానికి మెస్సీ సరిగ్గా కనిపించక కుర్చీలు విరిగాయి. లీగ్ నడపడానికి లేని ఉత్సాహం మెస్సీ చెయ్యూపడానికి పొంగుకొచ్చింది. గంజికి లేని సరుకు గారెలకు ఎక్కడి నుంచి వచ్చిందని ఏ ప్రభుత్వాన్నీ ఎవరూ అడగలేదు.

లీగ్ బతకాలంటే టీవీ డబ్బు కావాలి, టీవీ చెప్పిన వేళకే ఆడాలి అంటారు. కంఠీరవలో ఫుట్‌బాల్ పెడితే తమకు ట్రాక్ దొరకదని అథ్లెట్లూ అంటారు. రెండింటిలోనూ న్యాయం ఉంది. కానీ వారం మధ్యలో రాత్రి ఏడున్నరకు మ్యాచ్ పెడితే వైట్‌ఫీల్డ్ నుంచి పిల్లలతో వచ్చేవాడు ఎన్నింటికి ఇల్లు చేరతాడు? పొద్దున స్కూలు ఉండదా? గేటు దగ్గర నీళ్ళ సీసా లాక్కుంటారు. జేబులో చిల్లర నాణేలు కూడా తీసి డబ్బాలో వేయమంటారు. ఆ నాణేల కోసం ఏడ్చిన ఆరేళ్ళ పాపను మేమే చూశాం, అవి వాళ్ళ తాత ఐస్‌క్రీమ్‌కు ఇచ్చిన డబ్బులట. ఆ పాప పెద్దయ్యాక ఏ ఫొటో చూసి ‘ఆ రోజులే వేరు’ అనుకోవాలి?

మమ్మల్ని అన్నిటికన్నా భయపెడుతున్నది వేరే ఉంది. ఒకసారి సీజన్ ఆపారు, ఏమీ కాలేదు. సగానికి కోశారు, ఏమీ కాలేదు. క్లబ్ ఊరొదిలి పోయింది, ఏమీ కాలేదు. ఫైనల్‌ను సముద్రం దాటించారు, అప్పుడూ ఏమీ కాలేదు. పైగా ప్రతిసారీ ఒక పాత ఫొటో పెడితే జనం కరిగిపోయి గుండె గుర్తులు పంపుతున్నారు. తప్పుకు శిక్ష లేకపోగా లైకులు దొరుకుతుంటే ఎవరు మాత్రం మారతారు? ఈసారి ఫిబ్రవరి, మళ్ళీసారి ఏకంగా సెలవు. అప్పుడు ఇవాళ్టి ఖాళీ కుర్చీల ఫొటోకు కూడా ఎవరో ఒకరు పాత పాట జోడిస్తారు.

సమాఖ్య పెద్దలూ, లీగ్ నిర్వాహకులూ, క్రీడా మంత్రులూ! వచ్చే సీజన్ ఏ తేదీన మొదలవుతుంది? ఒక్కో జట్టుకు ఎన్ని మ్యాచ్‌లు? ఆటగాడికి జీతం ఏ నెల దాకా ఖాయం? బెంగళూరులో మ్యాచ్ ఏ మైదానంలో, ఏ వేళకు? ఇదంతా ఒక్క కాగితం మీద పడుతుంది. అది అచ్చువేసి చూపించండి. చేతకాకపోతే కనీసం ఆ ఫొటోలు తీసేయండి. ఆ మెట్ల మీద ఉన్నవాళ్ళు షిఫ్టు దిగి, జేబులో డబ్బులతో టికెట్ కొనుక్కుని వచ్చినవాళ్ళు. మీ ప్రచారానికి మోడళ్ళు కారు.