పోటీకి పాత రచన పంపవచ్చునా?

ముందే అచ్చయిన తన రచనను పూర్తిగా గాని, కొంత భాగాన్ని గాని సాహిత్య పోటీకి పంపడం సబబేనా అన్న ప్రశ్నపై ఒక కథకుడికీ, పోటీలకు న్యాయనిర్ణేతగా ఉండే ఒక సంపాదకురాలికీ మధ్య సాగిన వాదమిది.

కథకుడు: ఇతరుల రచనను తనదిగా పంపడం చౌర్యమే, అందులో మనకు భేదం లేదండీ. నేనడిగేది సొంత రచన గురించి. ఎంతో శ్రమించి రాసిన కథ ఏదో చిన్న సంచికలో వచ్చి, పట్టుమని పదిమంది కంటపడకుండానే మరుగునపడితే, దానికి మరో అవకాశం లేదనడం అన్యాయం కాదా?

సంపాదకురాలు: కథ మీదే, హక్కూ మీదే, రచయిత హక్కుకు రిజిస్ట్రేషన్ కూడా అక్కర్లేదని రచయితల హక్కులపై దేశాల మధ్య కుదిరిన బెర్న్ ఒప్పందమే చెబుతోంది. కాని పోటీ అడిగేది హక్కు గురించి కాదు. కథ సొంతమనీ, అనువాదమో అనుసరణో కాదనీ, ఎక్కడా ప్రచురితం కాలేదనీ, మరెక్కడా పరిశీలనలో లేదనీ హామీపత్రం రాసి మీరు సంతకం చేస్తున్నారు.

కథకుడు: సంతకం చేసి మాట తప్పడాన్ని నేను సమర్థించను. అసలు ముందే అచ్చు కాకూడదన్న ఆ షరతు ఎందుకని అడుగుతున్నాను. 1969లో మొదలైన బుకర్ బహుమతి అచ్చయిన పుస్తకాలకే ఇస్తారు కదా?

సంపాదకురాలు: అక్కడ పుస్తకాన్ని ప్రచురణకర్తే పంపుతాడు, రచయిత పేరు అట్ట మీదే ఉంటుంది. కథల పోటీల్లో చాలావరకు పేరు తీసేసి, సంఖ్య వేసి మాకిస్తారు. కథను ముందే అచ్చులో చదివి ఉంటే రాసిందెవరో నాకు తెలిసిపోతుంది. ఇక మిగిలిన కథలను చదివినట్టే దాన్నీ చదివానని నేను ప్రమాణం చేయలేను. పైగా బహుమతి కథను మొదటగా తామే అచ్చువేసుకోవాలని పత్రిక ఆ సొమ్ము పెడుతుంది. తొలి ప్రచురణ ఒక్కసారే కదండీ జరిగేది.

కథకుడు: పూర్తి కథ మాట అలా ఉంచండి. అమెరికన్ డిటెక్టివ్ రచయిత రేమండ్ చాండ్లర్ పత్రికల్లో అచ్చయిన తన కథల నుంచి సన్నివేశాలు తీసుకుని 1939లో తొలి నవల రాశాడు, దాన్నెవరూ మోసమనలేదు. రచయిత తన పాత పేజీలకు తిరిగి వెళ్లడం రచనలో భాగమే.

సంపాదకురాలు: ఒప్పుకుంటాను. కాని అది హామీపత్రం రాసిచ్చి పోటీకి పంపిన కథ కాదు. ఒకసారి నా చేతికొచ్చిన కథలో పేర్లు మారాయి, శీర్షిక మారింది. అయితే ఆసుపత్రి వరండాలో కొడుకు తండ్రి కళ్ళజోడు తుడిచి, ఆయనకు పెట్టకుండా తన జేబులో వేసుకునే ఘట్టం మాత్రం కామాలతో సహా పాతదే. చివరి పేజీ పూర్తిగా కొత్తది, పాతదానికంటే ఎంతో బాగుంది. అయినా పక్కన పెట్టక తప్పలేదు, దానికి నిజంగా బాధపడ్డాను.

కథకుడు: ఆ బాధకు నిబంధనలోని అస్పష్టతే కారణం. ప్రచురితం అంటే ఏమిటి? నలుగురు మిత్రులకు పంపిన కథ ప్రతి కూడా ప్రచురణేనా? ఫేస్‌బుక్‌లో పెట్టి తీసేసినది? ఎంత భాగం పాతదైతే కథ పాతదవుతుంది?

సంపాదకురాలు: మొదటి రెండింటికీ ప్రకటనలోనే జవాబు ఉండాలి, ఆ లోపం నిర్వాహకులదే. మూడోదానికి శాతాలు పెట్టలేం. పది వాక్యాల ఘట్టమే ఒక్కోసారి కథకు ప్రాణం. అందుకే పాత భాగం ఏదో, ఎప్పుడు ఎక్కడ వచ్చిందో రచయిత ముందే నిర్వాహకులకు లేఖ రాయాలి. ఆ లేఖ న్యాయనిర్ణేతల దాకా రాకూడదు.

కథకుడు: నిజాయితీగా రాసినవాణ్ణి ఎందుకొచ్చిన తంటా అని తిరస్కరిస్తారు, దాచినవాడికి బహుమతి వస్తుంది.

సంపాదకురాలు: దాచినట్టు తర్వాత బయటపడితే బహుమతి రద్దవుతుందని కూడా ప్రకటనలో ఉండాలి.

కథకుడు: అయితే లేఖకు గడువులోగా జవాబిస్తామని నిర్వాహకులూ అదే ప్రకటనలో మాటివ్వాలి, కాదంటే కథను వేరేచోటికి పంపుకునే వ్యవధి మాకు మిగలాలి.

సంపాదకురాలు: అది న్యాయమైన కోరిక. ఆ వాక్యం చేర్చేదాకా ఏ పోటీకీ న్యాయనిర్ణేతగా ఉండనని చెప్పడం నా వంతు.