ముత్తాతగారి అరమీసం

మా హాల్లో ముత్తాతగారి ఫొటో ఒకటుంది. ఆయన్ని కళ్లారా చూసినవాళ్లు ఇప్పుడెవరూ లేరు. కానీ ఆయన మీసం సంగతి తెలియనివాళ్లు మా వంశంలో లేరు. ఆ మీసం చూసి దొంగలు గుమ్మం దాకా వచ్చి వెనక్కి పోయారని మా అత్తయ్య చెబుతుంది. దొంగలు ఒకసారి ముగ్గురుంటారు, ఒకసారి ఏడుగురుంటారు. ఇంట్లో ఎవరు అలిగినా, ఎవరు అరిచినా "ఆ మీసం పోలిక" అని తేల్చేస్తారు. నాకు మీసం సరిగా రాలేదు కాబట్టి నా కోపాన్ని మాత్రం ఒట్టి కోపం కిందే జమకట్టారు.

మొన్న కజిన్స్ గ్రూపులో ఆ ఫొటో పెట్టమని అడిగారు. గోడ మీద ఉన్నదాన్ని ఉన్నట్టు ఫోన్‌తో తీసి పెట్టేస్తే అయిపోయేది. కానీ అద్దంలో ట్యూబ్‌లైటూ నా బట్టతలా పక్కపక్కనే మెరుస్తున్నాయి. బయటికి తీసి నీట్‌గా స్కాన్ చేద్దామనే బుద్ధి పుట్టింది.

వెనక మేకులు పీకాను. అట్ట తీశాను. ఫొటో అంచులు లేచాయి కానీ మధ్యలో అద్దానికి అంటుకుపోయి ఉంది. కాస్త లాగాను, రాలేదు. ఇంకాస్త లాగాను. ఈసారి ముత్తాతగారు చాలావరకు వచ్చారు. కుడివైపు మీసం మాత్రం అద్దం మీదే ఉండిపోయింది.

అప్పుడు కూర్చుని చదివాను. పాత నలుపు తెలుపు ఫొటోలో బొమ్మ కాగితంలో ఉండదట, కాగితం మీద పూసిన జెలటిన్ పొరలో సన్నటి వెండి రేణువులుగా ఉంటుందట. తేమ తగిలితే ఆ పొర ఉబ్బి, మెత్తబడి, ఆనుకున్న అద్దాన్ని కరుచుకుంటుంది. అందుకే అద్దానికీ ఫొటోకీ మధ్య అట్ట చట్రం పెట్టి కొంచెం ఖాళీ వదలాలి. ఒకవేళ అంటుకుపోతే పీక్కూడదు, అద్దంతో సహా ఫొటో తీసుకోవాలి. మా ఇంట్లో అయితే బట్టతలతో సహా అన్నమాట. ఫొటోలకి ఈ జెలటిన్ పూత వాడొచ్చని 1871లో చెప్పినాయన రిచర్డ్ లీచ్ మాడక్స్ అనే ఇంగ్లండు డాక్టరు. డాక్టరు రాసిచ్చిన పట్టీ, ఊరికే ఊడుతుందా?

ఇక మిగిలింది కప్పిపుచ్చడం. కాగితాన్ని మళ్లీ అద్దం వెనక పెట్టి, అద్దం మీది అరమీసం సరిగ్గా ముక్కు కింద పడేలా జరిపాను. వెంట్రుకవాసి తేడా వస్తే దవడ మీదికి పోతోంది. వెంట్రుకవాసి అనే మాట ఎవరు పుట్టించారో గానీ నాకోసమే పుట్టించారు. ముప్పావు గంటకి రెండు సగాలూ కలిశాయి. మేకులు బిగిస్తే రెండు మిగిలాయి. నేను ఏది విప్పి బిగించినా రెండు మిగులుతాయి, అలవాటే కాబట్టి పట్టించుకోలేదు.

వారం పాటు బాగానే గడిచింది. ఆదివారం అత్తయ్యా బాబాయీ వచ్చారు. గాలికి తలుపు ధడాలున పడింది. గోడ అదిరింది. ఫ్రేములో కాగితం రెండు మేకులంత కిందికి జారింది.

"ఒరేయ్, మా తాత మీసం కంటి కిందికి ఎక్కిందేంట్రా?" అంది అత్తయ్య.

"పాత ఫొటో కదత్తయ్యా, అప్పుడప్పుడూ అలా అవుతుంది" అన్నాను. ఇంతకన్నా తెలివైన మాట ఆ క్షణంలో తోచలేదు.

బాబాయి ఫ్రేము దింపి, ఒక్కో మేకూ తీసి బల్ల మీద వరసగా పేర్చాడు. నావైపు చూడలేదు. చూసుంటే నయంగా ఉండేది. అట్ట తీసి, కాగితాన్ని వెలుతురులోకి పట్టుకున్నాడు. నేను లాగుతున్న కంగారులో వెనక వైపు తిప్పి చూడనే లేదు. అక్కడ పెన్సిల్‌తో ఏదో రాసి ఉంది. అత్తయ్య కళ్లజోడు పెట్టుకుని గట్టిగా చదివింది.

"ఇది బాగా రాలేదు. ఎవరికీ చూపించవద్దు. మళ్లీ తీయించుకుంటాను."

పెట్టెలో దాచిన ముత్తాతగారి పాత పద్దుల పుస్తకంలో ఉన్నది కూడా ఇదే చేతిరాతని ఆమే గుర్తుపట్టింది. ఆయన అన్న మాట ఒక్కటైనా మాలో ఎవరికీ తెలియదు. ఇన్నాళ్లకి తెలిసిన మొదటి మాట ఇదీ. దీన్ని పట్టుకుని మూడు తరాలుగా వచ్చినవాళ్లందరికీ చూపిస్తూనే ఉన్నాం.

కాసేపు ఎవరూ మాట్లాడలేదు. బాబాయి ఫొటో తిప్పి, మిగిలిన ఎడమ మీసాన్ని దగ్గరగా పరీక్షించాడు.

"నిజమేనే అక్కా, కొంచెం వంకరగానే ఉంది."

"మరి దొంగలు ఎందుకు పోయారంటావు?" అంది అత్తయ్య, మొదటిసారి అనుమానంగా.

ఆ రాత్రి వెనక వైపు ఫొటో తీసి గ్రూపులో పెట్టాను. ముందు వైపేదని నిమిషంలో అయిదుగురు అడిగారు.

"ముత్తాతగారు వద్దన్నారు" అని రాశాను.