చౌకగా తిరగడమంటే పల్లెవాళ్ళ కూలి తగ్గించడం కాదు

నాతో కలిసి మెక్సికోలోని వహాకా రాష్ట్రపు పల్లెల్లో కారులో తిరిగిన మిత్రుడు ఈ రోజు పొద్దున ఆ ప్రయాణపు ఫొటోలు పెట్టాడు. తెయోతిత్లాన్ దెల్ వాయె అనే ఊళ్ళో కొన్న ఉన్ని తివాచీ ఫొటో కింద, చెప్పిన ధర మీద 300 పెసోలు తగ్గించి తెచ్చానని, తక్కువ ఖర్చుతో తిరగాలనుకునేవారికి ఇలా బేరమాడడం రావాలని రాశాడు. మధ్యాహ్నానికల్లా మన తెలుగువాళ్ళ అభినందనలు దాని కింద బారులు తీరాయి. ఆ బేరం జరుగుతున్నంతసేపూ నేను పక్కనే నిలబడి ఉన్నాను కనుక, అందులో గొప్పగా చెప్పుకోవలసినది ఏమీ లేదని రాయకుండా ఉండలేకపోతున్నాను.

ముందు ఆ 300 పెసోలు ఎంతో చూడండి. 2025లో మెక్సికోలోని అత్యధిక ప్రాంతాలకు వర్తించిన కనీస వేతనం రోజుకు 278.80 పెసోలు. డాలర్లలో జీతం తీసుకునే మనిషి ఒక నేతగాడి దగ్గర దాదాపు ఒక రోజు కూలి అంత కోసుకుని వచ్చి, దానిని ప్రయాణ సలహాగా పదిమందికీ పంచుతున్నాడు.

ఆ తివాచీ వెనుక ఎంత పని ఉందో అతడికి తెలియదని సరిపెట్టుకోవడానికి కూడా వీలు లేదు, ఎందుకంటే ఆ ఇంటివారు మమ్మల్ని కూర్చోబెట్టి అంతా ఓపికగా చూపించారు. అక్కడి ఆదివాసులైన ఆ జపోతెక్ కుటుంబాలు ఉన్నిని ఏకి, వడికి, రంగులద్ది, 16వ శతాబ్దంలో స్పెయిన్‌వాళ్ళతో వచ్చిన కాలిమగ్గం మీద నేస్తాయి. ఎరుపు రంగు కోసం నాగజెముడు జాతి మొక్కల మీద బతికే కొచినీల్ పురుగులను ఎండబెట్టి నూరుతారు. ఒక పౌను పొడికి దాదాపు 70 వేల పురుగులు కావాలి. వలస పాలన కాలంలో వెండి తరువాత ఆ దేశం నుంచి ఎగుమతైన అత్యంత విలువైన సరుకు ఇదే. ఆ ఇంటి పెద్దావిడ తన అరచేతిలో కాస్త పొడి వేసుకుని నిమ్మరసం పిండగానే అది నారింజ రంగుకు మారింది, చిటికెడు సున్నం కలపగానే ఊదాకు తిరిగింది. మిత్రుడు దానినంతటినీ వీడియో తీసుకున్నాడు. వీడియో పూర్తికాగానే ధర ఎంత తగ్గిస్తారని అడగడం మొదలుపెట్టాడు.

అక్కడ బేరమాడడం మామూలేనని, అందరూ ఆడతారని అతడి సమాధానం. అలాగైతే విమానాశ్రయంలో కారు అద్దెకిచ్చే కౌంటరు దగ్గర ఎందుకు ఆడలేదు? ఆన్‌లైన్‌లో చూపిన అద్దె ఒకటి, తప్పనిసరి బీమా కలిపిన తరువాత చేతిలో పెట్టిన బిల్లు మరొకటి అయినా, అతడు మారు మాట్లాడకుండా సంతకం చేశాడు. తప్పని చోట టోలు కట్టాడు, ఊరూరా ఉండే ఓక్సో దుకాణాల్లో రాసి ఉన్న ధరే ఇచ్చాడు. త్లకొలూలా ఆదివారం సంతలో మెమేలాలనే మందపాటి మొక్కజొన్న రొట్టెలు కాల్చి అమ్ముతున్న అవ్వ దగ్గర మాత్రం, రెండు కొంటే ఒకటి ఊరికే ఇమ్మని స్పానిష్‌లో అడగమని నన్ను పోరు పెట్టాడు. నేను అడగనన్నాను. మొక్కజొన్నలను సున్నపు నీళ్ళలో ఉడికించి, రాత్రంతా నానబెట్టి, కడిగి, రుబ్బి, ఆ ముద్దను బుట్టలో పెట్టుకుని తెల్లవారేసరికి సంతకు చేరిన మనిషిని ఆ మాట అడగడానికి నాకు నోరు రాలేదు. పెట్రోలు బంకులో ఇంధనం నింపి అద్దం తుడిచిన కుర్రవాడికి, అక్కడి ఆనవాయితీ ప్రకారం నేను పది పెసోలు ఇచ్చినందుకు కూడా, ఖర్చు పెంచుతున్నానని కారులో చాలాసేపు పోట్లాడాడు. పెద్ద సంస్థ ముందు నోరు మెదపని మనిషికి పేదవాడి ముందు ఇంత ధైర్యం ఎక్కడి నుంచి వస్తుందో నాకు అర్థం కాదు.

అన్నిటికంటే నన్ను బాధపెట్టింది ఇయెర్వె ఎల్ అగ్వా దగ్గర జరిగిన గొడవ. ఖనిజాలు పేరుకుని రాయిగా గడ్డకట్టిన జలపాతాలుండే ఆ కొండకు వెళ్ళే దారిలో ఒక ఊరివారు కొంత రుసుము తీసుకుంటారు, స్థలం దగ్గర మరొక ఊరివారు మళ్ళీ తీసుకుంటారు. మిత్రుడు కారు దిగి, ఇది దారిదోపిడీ అని ఇంగ్లీషులో అరిచాడు. రుసుము తీసుకుంటున్న పెద్దాయన బదులు చెప్పకుండా రసీదు చింపి ఇచ్చాడు. వహాకాలోని 570 మునిసిపాలిటీల్లో 400కు పైగా పార్టీల ఎన్నికలతో కాక తమ సంప్రదాయ సభల ద్వారా పెద్దలను ఎంచుకుంటాయి. చాలా చోట్ల భూమి ఊరందరి ఉమ్మడి ఆస్తి, ఊరి పదవులకు జీతం ఉండదు, రోడ్డు వేయాలన్నా బడి బాగుచేయాలన్నా తెకియో పేరుతో ఇంటికొకరు కూలి లేకుండా పనిచేస్తారు. అందువల్ల ఆ రసీదు డబ్బు ఆ కొండను కాపాడుకుంటున్నవాళ్ళకు న్యాయంగా చెందవలసినది. ఆ స్థలం మీద హక్కులు, ఆదాయం విషయంలో ఊళ్ళ మధ్య ఎంత తీవ్రమైన వివాదం ఉందంటే, 2021లో దానిని నెలల తరబడి మూసివేశారు. ఇంత చరిత్ర ఉన్న చోట, ఒక కాఫీకి అయ్యే డబ్బు కోసం దొంగ అన్న మాట వాడడం నాకు ఇప్పటికీ మింగుడుపడటం లేదు.

సాంతియాగో మతత్లాన్ అనే ఊళ్ళో జరిగినదీ ఇలాంటిదే. ఎస్పదీన్ రకం కిత్తలి పక్వానికి రావడానికే ఆరు నుంచి ఎనిమిదేళ్ళు పడుతుంది. దాని కాండపు గడ్డను నేలలో తవ్విన పొయ్యిలో రోజుల తరబడి కాల్చి, గుర్రం లాగే రాతిచక్రం కింద నలగ్గొట్టి మెస్కాల్ అనే మద్యం తీస్తారు. మిత్రుడు గ్లాసు తరువాత గ్లాసు రుచి చూసి, ఒక్క సీసా కూడా కొనకుండా కారెక్కాడు.

డబ్బు ఆదా చేయడం తప్పని నేను అనడం లేదు. మేము నిజంగానే తక్కువలో తిరిగాము. టోలు రోడ్లను వదిలి, అడుగడుగునా స్పీడ్ బ్రేకర్లుండే ఉచిత రోడ్ల మీద ఓపికగా నడిపాము. మధ్యాహ్నం పూట కూలీలు తినే పూటకూళ్ళ ఇళ్ళలో రోజువారీ భోజనం చేశాము. ఎనిమిది జపోతెక్ గ్రామాలు కలిసి తమ ఉమ్మడి అడవిని కాపాడుకునే ప్వెబ్లోస్ మన్‌కొమునాదోస్‌లో, 3 వేల మీటర్లకు పైన ఊరివారే నడిపే చెక్క గదుల్లో చలికి వణుకుతూ పడుకున్నాము. తగ్గించుకోవలసినది మన సుఖాన్ని, మన వేగాన్ని. అమెరికా వీసా చేతిలో ఉంటే మనకు మెక్సికో వీసా కూడా అక్కరలేదు. అంత సులువుగా గడప దాటి వెళ్ళిన మనకు, మిరపనూ మొక్కజొన్ననూ సపోటానూ చివరికి మన గుమ్మాలకు కట్టే బంతిపూలనూ ప్రపంచానికిచ్చిన నేల పట్ల కాస్తంత మర్యాద ఉండాలి.

ఈ కోపం మెక్సికోలో మొదలైనది కాదని కూడా చెప్పాలి. కొన్నేళ్ళ క్రితం ఇదే మిత్రుడితో పోచంపల్లి వెళ్ళాను. నేతకు ముందే నూలును కట్లు కట్టి రంగుల్లో ముంచి, పోగుకు పోగు కలిసేలా నేసిన చీర మీద, ఆ ఇంటి యజమాని ఇక తగ్గించలేనని చేతులు జోడించేవరకు అతడు వదలలేదు. ఆ సాయంత్రమే హైదరాబాదులో ఒక మాల్‌కు వెళ్ళి, యంత్రం మీద కుట్టిన చొక్కాకు చీటీ మీద ఉన్న ధర కట్టి బయటికి వచ్చాడు. ఆ రోజే గట్టిగా మాట్లాడాలనుకున్నాను, కలిసి చదువుకున్న స్నేహం అడ్డొచ్చింది. అమెరికా నుంచి సెలవులకు వచ్చి మన నేతవాళ్ళ గుమ్మాల్లో ఇలాగే ప్రవర్తించేవారు ఎంతోమంది మీకూ తెలుసు, నాకూ తెలుసు.

వచ్చే శీతాకాలం మెక్సికోలోనే ఉన్న చియాపాస్ రాష్ట్రానికి వెళదామని, ఒకోసింగో నుంచి పలెంకే వరకు కారులోనే పోదామని అతడు అప్పుడే సందేశం పంపాడు. ఆ దారిలో ఊరివారు రోడ్డుకు అడ్డంగా తాడు పట్టుకుని చందా అడుగుతారు. ఆ తాడు దగ్గర అతడు ఏమంటాడో నాకు ఇప్పుడే వినిపిస్తోంది. నేను రానని జవాబిచ్చాను. అక్కడికి వెళితే ఊరివాళ్ళు ఎక్కే కొలెక్తీవో వ్యానులోనే, వాళ్ళిచ్చే ఛార్జీయే ఇచ్చి వెళతాను.